మందు గలదు, మార్గమేది?

జన్యువుల నోరు మూయించు వైద్యమునుగూర్చి ఉత్సాహకరములగు వార్తలు నేడు విరివిగా వచ్చుచున్నవి. ఉత్సాహమునకు హేతువు లేకపోలేదు. జంటపేటల ఆర్.ఎన్.ఏ.తో జన్యువు పనిని నిలుపవచ్చునని ఫైర్, మెల్లో అను శాస్త్రజ్ఞులు 1998లో ఒక చిన్న పురుగునందు నిరూపించిరి. 2006లో నోబెల్ బహుమానము నందిరి. 2018లో ఈ జాతి మందులలో మొదటిది, పాటిసిరాన్, అమెరికాలో అనుమతి పొందెను. కాని యది సూదిద్వారా రక్తమున కెక్కి కాలేయమును జేరునది. రక్తములో వచ్చు క్రొవ్వు బిందువులను కాలేయము తనంతట తానే పట్టుకొనును. ప్రేవుల సంగతి వేరు.

నోట వేసిన మందు జఠరామ్లమును, ఆర్.ఎన్.ఏ.ను తునుకలు చేయు రసములను, జిగురుపొరను దాటవలెను. దాటి కణములను జేరినను, ఆ లోపొర కణములు కొలది దినములకే రాలిపోవుచుండును!

ఈ చిక్కు నెరిగియు లోకము తొందరపడినది. క్రోన్స్ వ్యాధి యువకుల ప్రేవులను పుండ్లు చేసి, పలువురిని శస్త్రచికిత్సకు ఈడ్చునది. దానికై స్మాడ్7 అను మాంసకృత్తు నడచుటకు మోంగెర్సెన్ అను ఒంటిపేట మందు కూర్చబడెను. చిన్నప్రేవు చివర కరగునట్లు మాత్రకు పూత పూసిరి. 2014లో సెల్జీన్ కంపెనీ 71 కోట్ల డాలర్లు ముందుగానే చెల్లించి దీనిని గైకొనెను. 2015లో ప్రకటింపబడిన పరీక్షలో రోగులు 166 మంది. చికిత్స రెండు వారములు. పెద్ద మోతాదు తిన్నవారిలో నూటికి 65 మందికి, మందులేని మాత్ర తిన్నవారిలో 10 మందికి వ్యాధి శాంతించెనని లెక్క తేలెను. అయితే పుండు మానినదా యని ప్రేవులోనికి గొట్టము పంపి చూచుట ఆ పరీక్షలో ముఖ్యాంశము గాలేదు. రోగి చెప్పిన బాధయే కొలతలో పెద్దపాలు. 2017 అక్టోబరులో, ఫలమగుపడదని పెద్ద పరీక్ష నిలిపివేయబడెను.

సూత్రమే వ్యర్థమని కొందరందురు. మే మంగీకరింపము. మందు పుండును జేరెనా, స్మాడ్7 తగ్గెనా యని మొదట రూఢి చేసికొనకపోవుటయే లోపమని మా యభిప్రాయము. గమ్యము చూడక బండి వేగమును మెచ్చుకొన్నట్లయినది.

మనకిది దూరపు ముచ్చట గాదు. మన దేశమున క్రోన్స్ వ్యాధి పెరుగుచున్నది. ప్రేవుల క్షయ అచ్చముగా దానివలెనే కనబడి వైద్యులను భ్రమపెట్టుచున్నది. శరీరమంతటి రోగనిరోధశక్తిని అణచు మందులు ఇచ్చినచో అణగియున్న క్షయ తిరిగి లేచు భయము గలదు. పుండునందే పని చేసి తక్కిన దేహము జోలికి పోని మందు ఇంగ్లండుకంటె ఇచట నెక్కువ యవసరము. కావుననే ఇట్టి మందుతో మన వైద్యశాలల ముంగిటికి వచ్చు కంపెనీని మన వైద్యులు మొదట అడుగవలసినది రోగుల మార్కులు గావు: చికిత్సకు ముందును, వెనుకను తీసిన ప్రేవుముక్కలలో ఆ జన్యువు నిజముగా అణగెనా? చూపింపుడు.