ముద్దుమాటల కూలి

మొన్న శ్రావణ శుక్రవారం మా అపార్టుమెంటులోనే పై అంతస్తువారింటికి పేరంటానికి వెళ్ళాను. పసుపు రాయించుకోవడం, వాయనం పుచ్చుకోవడం అయింది. శనగలూ అరటిపళ్ళూ సంచీలో సర్దుకుని లేవబోతుంటే ఆ ఇంటావిడ, "అప్పుడేనా అక్కయ్యగారూ! మావాడి డైలాగు వినకుండా వెళ్తారా?" అంటూ లోపలికి పరుగెత్తి, నిద్రకు తూగుతున్న అయిదేళ్ళ కొడుకుని చంకనేసుకొచ్చి హాలు మధ్యలో నిలబెట్టింది. వాడు నడుంమీద చెయ్యి వేసుకుని, కళ్ళు పెద్దవి చేసి, కోడలు అత్తగారిని నిలదీసే డైలాగు గడగడా అప్పజెప్పాడు. పేరంటాళ్ళందరూ కిలకిలా నవ్వారు. "ఇంకోసారి, ఇంకోసారి!" అన్నారు. రెండోసారీ అయింది. మూడోసారి వాడు తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుని, "అమ్మా, నిద్రొస్తోందే" అన్నాడు. దానికీ నవ్వారు. అది కూడా డైలాగే అనుకున్నారో ఏమో!

వాడి వీడియోలు వేలమంది చూస్తారుట. వాడి పేరుమీద ఛానెల్ వుందిట. డబ్బులొస్తున్నాయిట. "ఆ ఫ్రిజ్ చూశారా? మావాడు కొన్నదే!" అంది ఆవిడ మురిసిపోతూ. నా నోరు వూరుకోదు కదా, "అయితే వాడి పేరున బ్యాంకులో ఎంత వేశావమ్మాయ్?" అన్నాను. ఒక్క నిమిషం గదిలో ఎవరూ మాట్లాడలేదు. "అదేమిటక్కయ్యగారూ, బిడ్డ డబ్బు మా డబ్బు కాదా? వాడికి అన్నీ అమర్చేది మేం కాదూ?" అంది ఆవిడ. అందరూ తలలూపారు. నేను మెట్లు దిగుతుంటే వెనక ఎవరో, "కథలు రాసేవాళ్ళకి ఎక్కడికెళ్ళినా తప్పులే కనిపిస్తాయి" అనడం కూడా వినిపించింది.

కనిపిస్తాయి. ఏం చెయ్యను?

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. గేరీ కోల్‌మన్ గుర్తొచ్చాడు. మీలో చాలామందికి ఆ పేరు తెలియకపోవచ్చు. అమెరికాలో మా అక్క వాళ్ళింట్లో వున్న నెల రోజుల్లో, పగళ్ళు తోచక ఆ పాత సీరియల్ చూశాను. పేరు డిఫరెంట్ స్ట్రోక్స్. 1978లో మొదలై 1986 దాకా నడిచింది. హార్లెమ్‌లో పుట్టిన ఇద్దరు నల్లజాతి అన్నదమ్ములు. తల్లి ఒక తెల్ల ధనవంతుడింట్లో పని చేసి చనిపోతే, ఆ ఇంటాయనే పిల్లల్ని తన భవంతికి తెచ్చుకుని పెంచుతాడు. ఆ ఇద్దరిలో చిన్నవాడు ఆర్నాల్డ్. బొద్దు బుగ్గలు, బుల్లి ఒళ్ళు, నోట్లోంచి మాత్రం ముసలి తాతలా మాటలు. అన్నగారు ఏమన్నా అంటే చాలు, పెదవులు బిగించి, కనుబొమలు ముడిచి, నువ్వేమంటున్నావోయ్ అన్నట్టు ఎదురు ప్రశ్న వేసేవాడు. అదొక్కటీ వినడానికే అమెరికా అంతా టీవీ ముందు కూర్చునేదట. నేనూ నవ్వాను. సోఫాలో వెనక్కి వాలి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేట్టు నవ్వాను. అది ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత మీరు అనకుండా.

తర్వాత మా అక్క చెప్పింది, ఆ పిల్లవాడు అంత పొట్టిగా ఎందుకున్నాడో.

గేరీ 1968లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జయాన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పసికందుగా వుండగానే ఒక దంపతులు పెంచుకున్నారు. పెంపుడు తండ్రి ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కార్మికుడు, తల్లి నర్సు. పుట్టుకతోనే కిడ్నీ జబ్బు. 1973లో, అయిదేళ్ళకే, ఒకసారి కిడ్నీ మార్చారు. 1984లో మళ్ళీ మార్చారు. రెండూ నిలవలేదు. డయాలసిస్ తప్పలేదు. ఆ జబ్బూ, దానికి వాడిన మందులూ కలిసి ఎదుగుదలని ఆపేశాయి. నాలుగడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ఆగిపోయాడు. సీరియల్ మొదలయ్యేటప్పటికి వాడికి పదేళ్ళు, చూసేవాళ్ళకి ఆరేళ్ళవాడిలా కనిపించాడు. ముగిసేనాటికి పద్దెనిమిది. అప్పటికీ చూసేవాళ్ళకి పసివాడే.

అంటే అమ్మా, జనం ముద్దొస్తున్నాడని పడిపడి నవ్వింది ఒక జబ్బుని చూసి. ఆరోగ్యంగా పెరిగే పిల్లవాడైతే రెండేళ్ళలో గొంతు మారేది, మీసం మొలిచేది, సీరియల్ వాళ్ళు ఇంకో పిల్లవాణ్ణి వెతుక్కునేవాళ్ళు. వీడి కిడ్నీలు పనిచెయ్యకపోవడం ఒక కంపెనీకి ఎనిమిదేళ్ళ వ్యాపారమైంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. పిల్లవాడు తెలివైనవాడు, హాస్యం వేళకి అందించడంలో పెద్దపెద్ద నటులకు తీసిపోడు. కాని ఆ తెలివికి గిరాకీ ఎంతకాలం? వాడి కాళ్ళు కుర్చీలోంచి నేలకి అందనంతకాలం!

మంచి రోజుల్లో ఒక్కో భాగానికి లక్ష డాలర్ల దాకా ఇచ్చారని చెబుతారు. అప్పట్లో టీవీలో అంత తీసుకున్న పిల్లలు లేనట్టే. మరి ఆ డబ్బంతా ఏమైంది? 1989లో, ఇరవయ్యొక్కేళ్ళ వయసులో, గేరీ తనను పెంచిన తల్లిదండ్రులమీదా, తన డబ్బు వ్యవహారాలు చూసిన సలహాదారుమీదా కోర్టుకెక్కాడు. నా పేరున దాచవలసిన సొమ్ము దారి మళ్ళించారన్నాడు. 1993లో కోర్టు వాడివైపే తీర్పిచ్చింది, 12,80,000 డాలర్లు ఇప్పించమని. గెలిచాడు. కాని అమ్మానాన్నలమీద గెలవడం కూడా ఒక గెలుపేనా? ఆ తీర్పు కాగితం చేత్తో పట్టుకుని వాడు ఏ ఇంటికి వెళ్ళుంటాడు?

ఆ గెలిచినదీ నిలవలేదు. 1999లో దివాలా పిటిషను పెట్టాడు. ఎవరిది తప్పని అడిగితే, వాడు తప్పుని పంచిన తీరు చూడండి: ముందు తనది, తర్వాత లెక్కలు చూసినవాళ్ళది, పెంచిన తల్లిదండ్రులది, ఏజెంట్లది, లాయర్లది, తిరిగి మళ్ళీ తనది. తనతో మొదలెట్టి తనతో ముగించాడు. మనలో ఎంతమంది అలా చెప్పగలం?

ఈ మధ్యలో వాడు సెక్యూరిటీ గార్డుగా పనిచేశాడు. 1998లో, లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక దుకాణంలో, ఆ ఉద్యోగానికి కావలసినవి కొనుక్కుంటుంటే ఒకావిడ గుర్తుపట్టి ఆటోగ్రాఫ్ అడిగింది. మాటా మాటా పెరిగింది. తన బతుకుని ఎగతాళి చేసిందని వాడు ఆవిడమీద చెయ్యి చేసుకున్నాడు. కోర్టు శిక్ష వేసి, దాన్ని అమలు చెయ్యకుండా ఆపి, కోపం తగ్గించుకునే తరగతులకి వెళ్ళమంది. ఆడదానిమీద చెయ్యెత్తడం తప్పే, దాన్ని సమర్థించను. ముప్ఫయ్యేళ్ళ మనిషి ఆ మాత్రం తమాయించుకోవాలి. కాని ఆ వార్తని పత్రికలు ఎలా రాశాయనుకున్నారు? మళ్ళీ నవ్వుతాలుగానే! గార్డు బట్టల్లో బుల్లి ఆర్నాల్డ్ అని. కూలి చేసుకు బతకడంలో నవ్వడానికేముందో నాకర్థం కాదు. నిజానికి వాడు చేసిన పనులన్నింటిలోకీ ఆ ఉద్యోగమే మర్యాదైనదని నాకనిపిస్తుంది. ఎనిమిది గంటలు నిలబడితే ఎనిమిది గంటల జీతం, అదీ వాడి చేతికే.

2003లో కాలిఫోర్నియా గవర్నరు పదవికి ఎన్నిక జరిగితే ఒక వారపత్రిక సరదాకి వాడి చేత నామినేషను వేయించింది. 135 మంది అభ్యర్థుల్లో ఎనిమిదోవాడుగా వచ్చాడు, 14 వేల పైచిలుకు ఓట్లతో. అదే ఏడాది న్యూయార్కులో ఒక నాటకంలో వాడి పేరే పెట్టి ఒక పాత్రని సృష్టించారు, ఒకప్పుడు వెలిగి ఇప్పుడు అద్దె ఇళ్ళకి కాపలా వున్నవాడని. బతికున్న మనిషి, అసలు పేరు, జనం నవ్వు! పదేళ్ళప్పుడు మొదలైన నవ్వు ముప్ఫయి అయిదు వచ్చినా వాణ్ణి వదల్లేదు.

వాడికి ఒక్కటే సరదా, బొమ్మ రైళ్ళు. పట్టాలు పరిచి, స్టేషన్లు కట్టి నడిపేవాడు. వాటి మధ్య వుండొచ్చని ఆ బొమ్మ రైళ్ళు అమ్మే కొట్లలో పనికి కూడా కుదిరాడు. అక్కడ మాత్రం వాణ్ణి ఎవరూ డైలాగు చెప్పమనకుండా వుంటే బాగుండేదని నా ఆశ. అడిగే వుంటారు. మనుషులం కదా!

2010 మే 28న, యూటా రాష్ట్రంలో, ఇంట్లో పడి తలలో రక్తస్రావమై పోయాడు. నలభై రెండేళ్ళు. 1999లో వాడు రాసిపెట్టిన ఒక వీలునామాలో మాట ఇది: నాతో డబ్బు సంబంధం లేనివాళ్ళూ, ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకుని ఈ మనిషిని మేం నిజంగా ప్రేమించామని చెప్పగలిగినవాళ్ళూ మాత్రమే నా చావుకి చేరి దుఃఖించాలి. ముప్ఫయి ఒకటో యేట ఒక మనిషి ఆలోచించిన ఆలోచన ఇది! ఇది చదివిన రోజున నాకు అన్నం సహించలేదు.

ఇక్కడ నాకు వచ్చే ఉత్తరాలు ఎలా వుంటాయో ముందే తెలుసు. "అందరు బాలనటులూ అలాగే అయిపోయారా?" లేదమ్మా. రాన్ హోవర్డ్ అని, 1960లో ఆరేళ్ళకే సీరియల్‌లో కొచ్చిన పిల్లవాడు, పెద్ద దర్శకుడై ఆస్కారు తెచ్చుకున్నాడు. వాడి తండ్రి తనూ నటుడే, ఆ పని కష్టసుఖాలు తెలిసినవాడు, సెట్టులో పక్కన కూర్చుని నేర్పేవాడు. అలాంటి తండ్రి దొరకడం అదృష్టం. పిల్లల బతుకులు అదృష్టంమీద వదిలేద్దామా మరి? అదే సీరియల్‌లో గేరీకి అక్కగా వేసిన డేనా ప్లేటో 1999లో మందులు ఎక్కువై పోయింది, ముప్ఫయి నాలుగేళ్ళకి. ఇదంతా వెలుగుల లోకం శాపం అని నిట్టూర్చేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. శాపమేమిటి? సంతకాలు పెట్టిన కాగితాలున్నాయి, పుచ్చుకున్న చేతులున్నాయి. శాపం అనేస్తే ఎవరినీ అడగక్కర్లేదు కదా!

బిడ్డ డబ్బు మా డబ్బు కాదా అన్న మాట కూడా కొత్తదేం కాదు. చాప్లిన్ పక్కన 1921లో ది కిడ్ సినిమాలో వేసిన పిల్లవాడు జాకీ కూగన్ గుర్తున్నాడా? 30, 40 లక్షల డాలర్లు సంపాదించాడంటారు. పెద్దవాడై 1938లో లెక్క అడిగితే, ఇరవయ్యొకటి నిండేదాకా బిడ్డ సంపాదించే ప్రతి డాలరూ తల్లిదండ్రులదేనంది కన్నతల్లి. చట్టం కూడా అప్పుడు ఆవిడ పక్షమే. చివరికి వాడికి దక్కింది 1,26,000 డాలర్లు. ఆ గొడవమీద 1939లో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. దానికి బోలెడు కన్నాలు. కోర్టు ముందుకు తెచ్చిన ఒప్పందాలకే అది వర్తించేది. 1999లో సవరించి, 2000 నుంచీ బిడ్డ సంపాదన బిడ్డదే అన్నారు. నూటికి పదిహేను వంతులు వాడి పేరున విడిగా దాచి తీరాలన్నారు. గేరీ దివాలా తీసిన ఏడే!

మనకీ వుంది రూలు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని 2016లో చట్టం బిగించినప్పుడు, చదువు చెడకుండా అయితే ఇంటి పనికీ, సినిమా, టీవీ, ప్రకటనల పనికీ కిటికీ తెరిచి వుంచారు. 2017లో షరతులు రాశారు: రోజుకి అయిదు గంటలు మించకూడదు, మధ్యలో విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకు మించి చేయించకూడదు, సంపాదనలో నూటికి 20 వంతులు తక్కువ కాకుండా జాతీయ బ్యాంకులో పిల్లవాడి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. చాలా బాగుంది. కాని వంటింటి గట్టుమీద డబ్బాకి ఫోను ఆనించి అమ్మే తీస్తుంటే, ఆ అయిదు గంటలూ లెక్కపెట్టేదెవరు? ఆ ఇరవై వంతులూ అడిగేదెవరు? టిఫిన్ సెంటరులో కప్పులు కడిగే పిల్లవాణ్ణి చూస్తే మనం అయ్యో అంటాం. వాడికి కనీసం పని చేస్తున్నానని తెలుసు. వీడికి అదీ తెలియదు, ఆడుకుంటున్నావు నాన్నా అని చెబుతాం.

ఇల్లినాయ్‌లో, అదే గేరీ పుట్టిన రాష్ట్రంలో, ఇంట్లో తీసే వీడియోల్లో కనిపించే పిల్లలకీ డబ్బు విడిగా దాచాలని 2023లో చట్టం చేశారు. 2024 జూలై నుంచి అమల్లో వుంది. ఆ దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. ఆ వూహ శాసనసభ్యుడికి రాసి పంపింది ఒక హైస్కూలు పిల్ల. ఇంటిపేరు చూస్తే తెలుగువాళ్ళమ్మాయే. పెద్దవాళ్ళకి తోచనిది ఆ పిల్లకెలా తోచిందంటారా? ఆ వయసు పిల్లలకి తెలుసు, తాము ఎక్కడెక్కడ నిలబడి ఎన్నిసార్లు నవ్వవలసొచ్చిందో.

ఇదంతా పై అంతస్తావిడకి చెబుదామని రెండుసార్లు మెట్లెక్కాను. ఒకసారి తలుపు తీయలేదు. రెండోసారి తీసింది, కాఫీ ఇచ్చింది, అంతా వింది. విని, "మీరన్నదీ నిజమే అక్కయ్యగారూ. ఆయన జీతం అద్దెకే చాలడంలేదు. ఈ మాటు వాడి పేరున కొంత వేస్తాంలెండి" అంది. ఆవిడ చెడ్డది కాదు. గేరీ తల్లి కూడా చెడ్డదని నేననను. కొడుకు మంచంపక్కన ఎన్ని రాత్రిళ్ళు కూర్చుందో నాకేం తెలుసు?

నిన్న మధ్యాహ్నం నా ఫోనుకి వాడి కొత్త వీడియో వచ్చింది. వారం రోజులుగా జ్వరంట, గొంతు బొంగురుపోయింది. ఆ బొంగురు గొంతుతోనే అదే డైలాగు. కింద జనం రాశారు, ఈసారి ఇంకా ముద్దుగా వుందని. నాకు తెలిసిన పేర్లూ వున్నాయి అందులో, పేరంటానికి వచ్చినవాళ్ళవి. నేను వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం మళ్ళీ చేశాను.