థైరాయిడ్ వ్యాధిలో రక్తనాళాలు ప్రేక్షకులు కావు

పుదుచ్చేరి తట్టాంచావడి పారిశ్రామికవాడలో షిఫ్టుకు బయలుదేరే ముందు పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునే మహిళ డాక్టరు నోట వినే మాట ఒక్కటే: ‘దీన్ని మానకూడదు’. ఆ మాత్ర తగ్గిన హార్మోన్‌ను భర్తీ చేస్తుంది. గ్రంథి మీద జరిగే దాడిని మాత్రం ఆపదు. ఆ దాడి ఎలా మొదలవుతుందన్న ప్రశ్నకు మన పరిశోధనల్లో ఇంకా ఎక్కువ చోటు దక్కాలి.

ఇది కొద్దిమంది సమస్య కాదు. హైదరాబాద్, చెన్నై సహా 8 నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 10.95 శాతం పెద్దలకు హైపోథైరాయిడిజం ఉన్నట్టు తేలింది. సుమారు 22 శాతం మంది రక్తంలో థైరాయిడ్‌పై దాడికి సూచన అయిన యాంటీ-టీపీఓ ప్రతిదేహాలు కనిపించాయి.

జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో నలుగురు మహిళల థైరాయిడ్ గ్రంథుల్లో లింఫోసైట్లు గుమిగూడి ఉండటాన్ని వర్ణించారు. 1956లో లండన్ శాస్త్రవేత్తలు ఈ రోగుల రక్తంలో థైరాయిడ్‌కు వ్యతిరేకంగా పనిచేసే ప్రతిదేహాలను కనుగొన్నారు. అప్పటి నుంచి దృష్టంతా దాడి చేసే కణాల మీదే ఉంది. వాటికి తలుపు తీసింది ఎవరు?

రక్తనాళం లోపలి గోడకు ఎండోథీలియల్ కణాల పొర ఉంటుంది. వాపు సంకేతాలు అందగానే ఈ కణాలు తమ ఉపరితలంపై ఐక్యామ్-1, వీక్యామ్-1 వంటి అతుకుడు అణువులను పెంచుతాయి. రక్తంలో దొర్లుతూ వెళ్లే లింఫోసైట్లు అక్కడ అంటుకుని, గోడ దాటి గ్రంథిలోకి చేరతాయి. చైనా పరిశోధకులు 2022లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో ప్రచురించిన అధ్యయనంలో హషిమోటో రోగుల గ్రంథిని కణం కణంగా పరిశీలించారు. ఏసీకేఆర్1 ప్రోటీన్ ఉన్న ఎండోథీలియల్ కణాలు రోగనిరోధక కణాల రాకకు తోడ్పడుతున్నట్టు అందులో సూచించారు. ఎర్ర రక్తకణాల మీద ఇదే ప్రోటీన్‌ను డఫీ యాంటిజెన్ అంటారు. వైవాక్స్ మలేరియా పరాన్నజీవి కణంలోకి చొరబడేది దీని ఆసరాతోనే.

అయితే తొందరపాటు తగదు. రక్తనాళాల్లోని ఈ మార్పు వ్యాధికి కారణమా, ఫలితమా అన్నది ఇలాంటి ఒక్క అధ్యయనంతో తేలదు. ప్రవేశాన్ని అడ్డుకునే మందులు ఇప్పటికే ఉన్నాయి. పేగు వ్యాధులకు వాడే వెడోలిజుమాబ్ లింఫోసైట్లను పేగులోకి రానివ్వదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే నటాలిజుమాబ్‌తో మాత్రం అరుదుగా ప్రాణాంతకమైన మెదడు ఇన్ఫెక్షన్ వస్తుంది. చవకైన మాత్రతో హార్మోన్ లోటు తీరుతున్నప్పుడు అంతటి ముప్పును హషిమోటో రోగి మీద మోపడం సరికాదు.

అందుకే ముందు కావలసింది మందు కాదు, అవగాహన. మన దేశంలో శస్త్రచికిత్సల్లో తొలగించే థైరాయిడ్ కణజాలాన్ని రోగి సమ్మతితో ఇలాంటి పరిశోధనలకు వినియోగించాలి. తట్టాంచావడికి దగ్గర్లోని జిప్‌మర్ వంటి బోధనాసుపత్రులు ఇందుకు అనువైన చోట్లు. ఎవరి గ్రంథి ఎప్పుడు దెబ్బతింటుందో ముందే పసిగట్టే దారి రక్తనాళాల నుంచి దొరికినా దొరకవచ్చు. అంతవరకు ఆ ఉదయపు మాత్రను మాత్రం ఎవరూ సొంతంగా ఆపకూడదు.