వేదిక ఖాళీగా ఉంటే మన పాత్రను ఇతరులే రాస్తారు

తెలుగు నాటక పోటీలు చూడబోయే ముస్లిం ప్రేక్షకుడికి, తన సముదాయం మనిషి వేదిక మీద ఏ రూపంలో ప్రత్యక్షమవుతాడో తెర తీయకముందే తెలుసు. లుంగీ, టోపీ, వచ్చీరాని తెలుగు, మాటకొక ‘అరే భాయ్’. అతడు నవ్వించి వెళ్లిపోతాడు. లేదా కథానాయకుడి కోసం ప్రాణమిచ్చి తన దేశభక్తిని రుజువు చేసుకుంటాడు. అదీ కాకపోతే బాంబు పెడతాడు. కూతురి చదువు కోసం బంధువులతో తగవుపడే తల్లి, అద్దెకు ఇల్లు దొరకక వీధి వీధీ తిరిగే ఉద్యోగి, కొడుకు నిర్ణయాన్ని అర్థం చేసుకోలేని తండ్రి మాత్రం ఆ వేదిక మీద అరుదు.

దీని గురించి అడిగితే పరిషత్తుల పెద్దలు, ముస్లిం జీవితం మీద మంచి కొత్త నాటకాలు దొరకడం లేదంటారు. మన పెద్దలలో కొందరు, అసలు నాటకాలు మనకెందుకంటారు. ఈ రెండు మాటలనూ మేము అంగీకరించము.

మొదటి మాట తీసుకుందాం. నాటకాలు లేవనడం, వెతకనివారు చెప్పే మాట. తెలుగు వేదిక మీదికి తేవలసిన కొన్నింటిని ఇక్కడ పేర్కొంటున్నాము.

మన ఊరి నుంచే మొదలుపెడదాం. హైదరాబాదులో ఖాదర్ అలీ బేగ్ థియేటర్ ఫౌండేషన్ ‘1857: తుర్రేబాజ్ ఖాన్’ను ప్రదర్శించింది. 1857 జూలై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి నాయకత్వం వహించినవాడు తుర్రేబాజ్ ఖాన్. ‘నువ్వేమన్నా తుర్రంఖాన్‌వా’ అని ఎద్దేవాగా వాడుకుంటున్న జనానికి ఆ పేరు వెనుక ఉన్న మనిషి తెలియడు. మన పాఠశాలల వార్షికోత్సవాలలో ఈ కథ ఆడితే, దేశభక్తి గురించి మన పిల్లలను నిలదీసేవారికి జవాబు అక్కడే దొరుకుతుంది.

హిందీ రచయిత అస్గర్ వజాహత్ రాసిన ‘జిస్ లాహోర్ నహీ దేఖ్యా’ను 1990లో హబీబ్ తన్వీర్ ప్రదర్శనకు తెచ్చారు. దేశ విభజన వేళ లక్నో నుంచి లాహోర్ చేరిన ముస్లిం కుటుంబానికి ఒక హవేలీ కేటాయిస్తారు. అందులో ఒక వృద్ధ హిందూ స్త్రీ మిగిలిపోయి ఉంటుంది. ఆమెను వెళ్లగొట్టాలనే గూండాలకూ, ఆమె విశ్వాసాన్ని గౌరవించడమే ఇస్లాం అనే మౌల్వీకీ నడుమ సంఘర్షణే నాటకం. ఆ మౌల్వీ తన మాటకు ప్రాణంతో మూల్యం చెల్లిస్తాడు. మైనారిటీ అంటే సంఖ్య తక్కువైన ఎవరైనా అని ఇంత సూటిగా చెప్పిన నాటకాలు తక్కువ. హక్కుల కోసం పోరాడే మనం మొదట చూడవలసింది దీనినే.

అభిషేక్ మజుందార్ రచన ‘ది జిన్స్ ఆఫ్ ఈద్గా’ 2013లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో ఆడింది. శ్రీనగర్‌లో తండ్రిని కోల్పోయిన అన్నాచెల్లెళ్ల కథ ఇది. ఫుట్‌బాల్ ఆడుకోవలసిన కుర్రవాడి మీద వీధి, తుపాకీ, శోకం ఎలా కమ్ముకుంటాయో చూపుతుంది.

అమెరికాలో వజాహత్ అలీ రాసిన ‘ది డొమెస్టిక్ క్రూసేడర్స్’ మొదట 2005లో ప్రదర్శితమైంది. పాకిస్తానీ మూలాల కుటుంబం, మూడు తరాలు, ఒకే రోజు, ఒకే ఇల్లు. చిన్నకొడుకు ఇరవై ఒకటో పుట్టినరోజున, వైద్య విద్య వదిలి ఉపాధ్యాయుడిని అవుతానంటాడు. బయట ప్రపంచం వారిని ఉగ్రవాదులుగా అనుమానిస్తుంటే, లోపల వారు పోట్లాడుకునేది కొడుకు చదువు మీద, అమ్మ ఆశల మీద! పేర్లు మారిస్తే ఇది గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఏ ఇంటిలోనైనా జరిగేదే.

ఇక రెండవ మాట: నాటకాలు మనకెందుకు? 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు రాసిన ‘మాభూమి’ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. భూమి కోసం విసునూరు దేశముఖుతో న్యాయస్థానంలో పోరాడి హత్యకు గురైన షేక్ బందగీ త్యాగం ఆ నాటకానికి ప్రేరణ. చదువురాని వేల మందికి ఆ పోరాటం తెలిసింది వేదిక వల్లనే. మన వినతిపత్రాలు కార్యాలయాల బీరువాలు దాటవు. ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్య గడిపినవారిగా ఈ మాట చెప్పగలము. నాటకం మాత్రం మన గడప తొక్కని పొరుగువాడి మనసులోకీ వెళ్తుంది.

మరొక చేదు మాట కూడా చెప్పక తప్పదు. 2018లో కేరళలోని కోళికోడ్ జిల్లాలో పాఠశాల విద్యార్థులు ‘కితాబ్’ అనే నాటకం ఆడారు. అజాన్ ఇవ్వాలని కోరుకునే బాలిక కథ అది. ముస్లిం సంస్థల నిరసనతో పాఠశాల దానిని ఉపసంహరించుకుంది. మతాచారాల చిత్రణపై అభ్యంతరం ఉండవచ్చు. దానిని వ్యాసంలో రాయవచ్చు, జవాబుగా మరో నాటకం ఆడవచ్చు. పిల్లల గొంతు ఆపించడం మాత్రం ఏ హక్కుల ఉద్యమానికీ శోభ కాదు. రేపు మన నాటకాన్ని మరొకరు ఆపినప్పుడు ఏ ముఖంతో ప్రశ్నిస్తాము?

చేయవలసిన పని కష్టమైనది కాదు. ఉర్దూ చదవగల తాతలు, తెలుగు మాత్రమే చదవగల మనవలు మన ఇళ్లలో ఒకే కప్పు కింద ఉన్నారు. ఇద్దరూ కూర్చుంటే అనువాదం సాగుతుంది. రచయిత అనుమతి తీసుకోవాలి, ఆయనకు ఇవ్వవలసిన రుసుము ఇవ్వాలి. తెరలు, దీపాలు లేకపోయినా, పెళ్లిళ్లు లేని రోజున షాదీఖానాలో నలుగురు కూర్చుని పాత్రలవారీగా చదివినా చాలు. ఆడపిల్లల పాత్రలు ఆడపిల్లలే చదవాలి. వారి తల్లులు ముందు వరుసలో కూర్చోవాలి. ప్రభుత్వ సాంస్కృతిక శాఖలు ఈ అనువాదాలకు నిధులివ్వాలి. పరిషత్తులు తమ పోటీలలో వాటికి చోటివ్వాలి. ఇది వారి దయ కాదు, తెలుగువారిగా మన వాటా.

వచ్చే వేసవి సెలవులలోగా ప్రతి పట్టణంలో ఒక్క నాటకమైనా చదివించాలని మా విజ్ఞప్తి. మన ఇంటి కథ మన నోట వినబడేదాకా, ఆ లుంగీ, ఆ టోపీ, ఆ బాంబు వేదిక దిగవు.