మురుగునీరు – మన కర్తవ్యం

“నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును” అన్నారు పెద్దలు. నీటికి పల్లం తెలుసు; ఆ పల్లంలో ఎవరు నివసిస్తున్నారో తెలుసుకోవలసినవాడు మనిషి. గడప దాటిన మురుగునీటితో మనకిక సంబంధం లేదనుకోవటం మనలో చాలామందికి అలవాటు. ఆ అలవాటును గురించి విద్యార్థులతోను, కళాశాల పాలకవర్గంతోను నాలుగు మాటలు మనవి చేయాలనుకుంటున్నాను. నేను తెలుగు అధ్యాపకుడనే గాని శాస్త్రజ్ఞుడను కాను. అయినా నీటిని గురించి ఆలోచించటానికి పట్టా అక్కరలేదు గదా!

సున్నిపెంట నీటికోసం వెలసిన ఊరు. 1963లో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిన తరువాత, నల్లమల నడుమ ఈ కాలనీ పెరిగింది. ఇక్కడ నిలిచిన కృష్ణాజలం పోతిరెడ్డిపాడు మీదుగా రాయలసీమ పొలాలకు, తెలుగుగంగ ద్వారా చెన్నై నగరానికి వెళుతున్నది; విద్యుత్తును పుట్టించి నాగార్జునసాగరం చేరుతున్నది. ఇటు నంద్యాల నొరసి పారే కుందూ పెన్నలో కలుస్తున్నది. ఎగువ ఊరి మురుగు దిగువ ఊరి బిందెలోకి చేరకుండా చూడటం మన కనీస ధర్మం.

మురుగును శుద్ధి చేసేది నిజానికి యంత్రం కాదు, సూక్ష్మజీవి. 1914లో మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మురుగులోనికి గాలిని పంపి, అడుగున చేరిన బాక్టీరియా మడ్డిని మళ్లీ మళ్లీ వాడే పద్ధతిని లోకానికి తెలిపారు. నేటికీ నగరాలలో విరివిగా నడుస్తున్నది ఆ పద్ధతే. అయితే గాలిని పంపే యంత్రాలకు విద్యుత్తు ధారాళంగా కావాలి. శుద్ధి కేంద్రం వాడే కరెంటులో దాదాపు సగం వాటికే పోతుంది. బిల్లు కట్టలేక యంత్రం ఆగితే మురుగు మురుగుగానే మిగులుతుంది.

ఇక్కడే నాచు మనకు తోడ్పడుతుంది. బాక్టీరియా మలినాన్ని భుజించి బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. నాచు దానిని గ్రహించి, ఎండ సాయంతో ప్రాణవాయువును తిరిగి ఇస్తుంది. నీటిలోని నత్రజనిని, భాస్వరాన్ని ఆహారంగా తీసుకుంటుంది. ఒకరి విసర్జనం మరొకరికి భోజనం! 1950 దశకంలో కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ ఈ సహజీవనం ఆధారంగానే, సుమారు అడుగు లోతున మెల్లగా తిరిగే నీటి కుంటలను రూపొందించాడు. ఒంటరి నాచుకణం అతి సూక్ష్మం; నీటిలో తేలుతూ త్వరగా అడుగుకు దిగదు. బాక్టీరియా మడ్డితో కలిసి ముద్దకట్టినప్పుడు బరువెక్కి దిగుతుంది, పైన తేటనీరు మిగులుతుంది. రెండింటినీ కలిపి పెంచటంలోని కీలకమిదే. మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఎస్. వెంకట మోహన్ వంటివారు మురుగునీటిలో సూక్ష్మ నాచును పెంచటంపై పరిశోధనలు చేశారు.

లోపాలు లేవని నేననను. రాత్రివేళ నాచు ప్రాణవాయువును ఇవ్వకపోగా తానే వాడుకుంటుంది. మబ్బు పట్టిన రోజులలో పని మందగిస్తుంది. లోతు తక్కువ గనుక స్థలం ఎక్కువ కావాలి. కొండప్రాంతంలో చదునైన నేల అరుదు. కాని ఏడాదిలో అధికభాగం ఎండ కాచే సీమలో, ఉచితంగా లభించే సూర్యరశ్మిని వదలి కరెంటు కోసమే ఎదురుచూడటం వివేకమనిపించుకోదు.

కనుక పాలకవర్గానికి నా విన్నపమొకటే. ఊరంతటి కోసం ఎదురుచూడక, మన ఆవరణలో చేతులు కడిగిన నీటికి ఒక చిన్న కుంటను కట్టించండి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గాజు కొలపాత్రలో అరగంటకు మడ్డి ఎంత దిగిందో చూడగలరు. నీటిలోని ప్రాణవాయువును ఉదయం, మధ్యాహ్నం కొలిచి తేడాను గుర్తించగలరు. అలా తేరిన నీరు తాగటానికి కాదు, చెట్లకు. గోడమీది నినాదం నేర్పలేని పాఠాన్ని ఆ పచ్చని కుంట నేర్పుతుంది.

దేశానికి నీళ్లిచ్చిన ఊరు మనది. వాడిన నీటికి కూడా మర్యాద చేసి పంపిన ఊరని పేరు తెచ్చుకుందాము.