ఎంత దూరం నుంచి?

మన జిల్లాల్లో ఆటగాళ్ళకి సన్మానం అంటే ఒక శాలువా, ఒక మెమెంటో, ఒక ఫ్లెక్సీ, నలుగురు పెద్దల ఉపన్యాసాలు. ఆ ఉపన్యాసాల్లో రాని మాట ఒకటే: ఈ పిల్ల పోయినేడు ఎంత చేసింది, ఈ ఏడు ఎంత చేసింది, ఎన్నిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు కుదిరింది? అది అడిగితే అమర్యాద. "అదరగొట్టీసినావురా" అంటే మర్యాద. ఈ మర్యాద మీదే నా తగువు.

దీనికి నేను తెచ్చే సాక్ష్యం గోల్ఫ్. నవ్వండి, పర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళకి కబడ్డీ తెలుసు, బరువులెత్తడం తెలుసు. గోల్ఫ్ మైదానం చూడాలంటే విశాఖ దాకా పోవాలి. అది డబ్బున్నవాళ్ళ ఆటే, కాదనను. కానీ తన ఆటని తాను లెక్కేసుకోవడంలో మనిషి ఎలా మోసపోతాడో ఆ ఆట చూపించినంత తేటగా మరొకటి చూపించదు.

గోల్ఫ్‌లో ఆఖరి ఘట్టం పట్టింగ్. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక మీద బంతిని మెల్లగా దొర్లించి, నాలుగుంపావు అంగుళాల వెడల్పున్న గుంతలో వెయ్యడం. మొత్తం 18 గుంతలు. గుంతకి రెండు పట్‌లు లెక్కన 36 అవుతాయి. తరతరాలుగా ఆటగాళ్ళు సాయంత్రానికి తమ పట్‌లు లెక్కపెట్టుకునేవారు. 34 వస్తే దిగులు, 28 వస్తే పండగ. చూడ్డానికి శుభ్రమైన లెక్కలాగే ఉంటుంది.

కాదు. 28 వచ్చినవాడు దూరం నుంచి కొట్టిన బంతుల్లో చాలావాటిని పచ్చిక బయట పడేసి, అక్కణ్ణుంచి చిన్న దెబ్బతో గుంతకి మూడడుగుల్లోకి తెచ్చుకుని, ఒక్క తోపుతో లోపలేసి ఉండొచ్చు. మూడడుగుల నుంచి ఎవరు వెయ్యలేరు? 34 వచ్చినవాడు దాదాపు ప్రతిసారీ నేరుగా పచ్చిక మీదకే కొట్టి, ముప్ఫై అడుగుల నుంచి రెండేసి పట్‌లతో ముగించి ఉండొచ్చు. పట్టింగ్ ఎవరిది మేలు? ఆ రెండు అంకెలూ చెప్పవు, ఎందుకంటే వాటిలో దూరం లేదు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో బిజినెస్ పాఠాలు చెప్పే మార్క్ బ్రోడీ ఈ లెక్కని సరిచేశాడు. అమెరికా పీజీఏ టూర్ 2011 నుంచి పట్టింగ్‌కి ఆ పద్ధతినే వాడుతోంది. విషయం చాలా మామూలుది. ఎనిమిది అడుగుల నుంచి టూర్‌లో ఆడే నిపుణులు సుమారు సగం సార్లే వేస్తారు, అంటే అక్కణ్ణుంచి సగటున ఒకటిన్నర పట్‌లు. ముప్ఫైమూడు అడుగుల నుంచి సగటు రెండు. ఇప్పుడు మీరు ఎనిమిది అడుగుల నుంచి ఒకే పట్‌తో వేస్తే అర దెబ్బ లాభం, రెండు తీసుకుంటే అర దెబ్బ నష్టం. ముప్ఫైమూడు నుంచి రెండు తీసుకుంటే లాభమూ లేదు, నష్టమూ లేదు. పట్‌లు రెండే, విలువలు వేరు. ఇంకో సంగతి: ప్రపంచంలో అందరికంటే బాగా ఆడేవాళ్ళే ఎనిమిది అడుగుల నుంచి సగం తప్పుతారని తెలిసినవాడు, తను తప్పిన ప్రతిసారీ తలబాదుకోడు. సరైన లెక్క అహంకారాన్నే కాదు, అనవసరపు సిగ్గుని కూడా తగ్గిస్తుంది.

దూరం రాయని అంకె అబద్ధం చెప్పగలదు. దీనికి మన విజయనగరంలోనే ఓ రాచ ఉదాహరణ ఉంది. మహారాజ్‌కుమార్ విజ్జీ. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటివాళ్ళని మన దేశానికి రప్పించి తన జట్టులో ఆడించిన మనిషి. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్. ఆ పర్యటనలో ఆయన కౌంటీ కెప్టెన్లకి ఖరీదైన కానుకలిచ్చేవాడనీ, ఒకాయన బంగారు గడియారం పుచ్చుకుని మొహమాటానికి రెండు మూడు సులువు బంతులు వేయించాడనీ క్రికెట్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కథే అనుకోండి. కానీ ఆ కథలో ఉన్న జబ్బు గడియారంది కాదు. స్కోరుబుక్కులో పరుగు పక్కన బంతి ఎలాంటిదో రాయరు. కానుక బంతికి వచ్చిన నాలుగూ, భయంకరమైన బంతికి వచ్చిన నాలుగూ అక్కడ ఒకటే.

టెస్టుల్లో ఎవరూ కానుక బంతులు వెయ్యలేదు. మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్సులు, మొత్తం 33 పరుగులు, సగటు 8.25. అదే సిరీస్‌లో మాంచెస్టర్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్‌కి 203 కొట్టారు. అప్పటికే లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరు చెప్పి ఇంటికి పంపేశారు. సిరీస్ 2-0తో పోయింది. మరి విజ్జీకి తన బ్యాటింగ్ సంగతి తెలుసా? తెలిసే అవకాశం ఎవరిచ్చారు? చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆయన ఉప్పు తిన్నవాళ్ళు. ఇవాళ ఆయన పేరున మన ఊళ్ళో స్టేడియం ఉంది, విశ్వవిద్యాలయాల క్రికెట్‌లో ట్రోఫీ ఉంది. ఉండనివ్వండి, క్రికెట్‌కి ఆయన ఖర్చుపెట్టింది తక్కువేం కాదు. కానీ ఆ స్టేడియంలోకి వెళ్ళే పిల్లలకి 8.25 కూడా చెప్పాలి.

ఇదే నేలలో దీనికి విరుగుడూ ఉంది. బరువులెత్తే ఆటలో ఒక్కొక్కరికి స్నాచ్‌లో మూడు ప్రయత్నాలు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు. ఆరు గడులు. ఎత్తింది రాస్తారు, ఎత్తలేకపోయింది కూడా రాసి కొట్టేస్తారు. ఇనుముకి మొహమాటం లేదు. మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో ఎత్తింది 110, 130. మొత్తం 240 కిలోలు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. కాంస్యం అందరికీ తెలుసు. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 అడిగిందనీ, అది నిలవలేదనీ ఎంతమందికి తెలుసు? పైనున్న ఇద్దరివీ 242.5. అంటే ఆమె బంగారానికే వెళ్ళింది. ఆ కొట్టేసిన గడి చదవకపోతే ఆమె తెగువ మీకు అర్థం కాదు. పతకం ఫొటోలో ఆ గడి కనబడదు.

విజయనగరం దగ్గర కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి సంగతి ఇంకా విచిత్రం. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 83, 105 ఎత్తింది. మొత్తం 188. మెడలో కాంస్యం పడింది. తర్వాత బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి మందుల పరీక్షలో దొరికిపోతే, కాంస్యం రజతం అయింది. మరి సంతోషి ఆట మెరుగైందా? 188 అలాగే ఉంది. ర్యాంకు పక్కవాళ్ళని బట్టి కదులుతుంది. తన అంకె తనది.

ఇక్కడ సాహిత్యం వాళ్ళు లేచి, "అన్నీ లెక్కలేనా, కళని కొలుస్తారా?" అంటారు. విజయనగరంలో నిలబడి ఆ మాట అనకండి. 1919లో మొదలైన మన సంగీత కళాశాలకి తొలి ప్రధానాచార్యుడు ఆదిభట్ల నారాయణదాసు, లయలో అంతటివాడు. తాళంలో సమానికి వచ్చామా లేదా అన్నది సభ చప్పట్లని బట్టి తేలదు. పాడేవాడి చేతికే ముందు తెలుస్తుంది.

రెండో అభ్యంతరం బరువైనది. పేదపిల్లలు, వాళ్ళని అంకెలతో నిరుత్సాహపరచొద్దు అంటారు. నేను సరిగ్గా దీనికి తిరగబడతాను. డబ్బున్నవాడి కొడుకు తన ఆట తెలీకుండా ముప్ఫయ్యేళ్ళు బతకగలడు, విజ్జీలాగా. కూలికి పోయే తల్లి కూతురికి అంత గడువు లేదు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగమా, డిగ్రీ చదువా, పెళ్ళి సంబంధమా అన్నది పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళకి తేలిపోవాలి. అప్పటిదాకా "బంగారు తల్లివే, నీకేటి తక్కువ" అని దాటేసి, జాతీయ పోటీల్లో ఇతర రాష్ట్రాల పిల్లల పక్కన నిలబెట్టాక నిజం చెప్పడం దయ కాదు. అదే పిల్ల రెండేళ్ళ ముందే, పోటీలో ఎత్తేదానికీ సాధనలో ఎత్తేదానికీ ఎనిమిది కిలోల తేడా వస్తోందని తన చేత్తో రాసుకుని ఉంటే, గురువుని నిలదీసి అడగగలిగేది. అంకె ఆమెకి ఆయుధం. పొగడ్త పొగిడినవాడి ఆస్తి.

ఫోన్లో యాప్ ఉంది కదా అంటారేమో. యాప్ అడుగులు లెక్కపెడుతుంది, నిద్ర లెక్కపెడుతుంది. మొన్నటి మూడో ప్రయత్నంలో మోచెయ్యి ఎందుకు వంగిందో అది రాయదు. కోచ్ దగ్గరున్న రిజిస్టరూ చాలదు, అది పై అధికారికి చూపించడానికి.

ఒక నలభై పేజీల నోటుబుక్కు చాలు. పేజీకి నాలుగు నిలువు గీతలు. తేదీ, ఏం ప్రయత్నించాను, ఎంత దూరం నుంచి లేదా ఎంత బరువు, కుదిరిందా లేదా. కుదరనివి రబ్బరుతో చెరపకూడదు. ఈసారి సన్మానానికి పిలిచే పెద్దలు శాలువా ఎలాగూ తెస్తారు. వేదిక మీద ఆ బుక్కు అడిగి తీసుకుని, ఏదో ఒక పేజీ తెరిచి, కొట్టేసిన గడులతో సహా మైకులో చదవమనండి.