దాతల పట్టికలో మన గడి ఏది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పనిచేసే ఒక సంస్థ తన దాతల డేటాబేస్ నమూనా నాకు చూపించింది. 2021లో ఆదాయపు పన్ను శాఖ తెచ్చిన 10బీడీ ఫారం అడిగినట్టే పేరు, చిరునామా, పాన్ నంబరు గడులున్నాయి. సంఘం మహిళలిచ్చే పది రూపాయలకు, సోలెడు బియ్యానికి, కూలి పోగొట్టుకుని చేసే పనికి గడి లేదు. హింసకు గురైన స్త్రీ గోడుకు మాత్రం ఉంది, దాతకు పంపడానికి! ఇదేం న్యాయం?

1940లలో పాలకుర్తిలో అయిలమ్మ పంటను కాపాడిన సంఘం వాళ్లు ఏ నంబరు చూపించి దాతలయ్యారు?

దాతకు లెక్క చెప్పాల్సిందే. కానీ బాధితురాలి వివరాలు దాతల పట్టికలో ఉండకూడదు. విడిగా, పేరుకు బదులు అంకెతో, ఆమె ఒప్పుకుంటేనే తెరిచేలా ఉండాలి. శ్రమ ఇచ్చినవాళ్ల పేర్లూ దాతల్లో చేరాలి. ఏటా ఆ లెక్క సంఘం మీటింగులో చదివి వినిపించాలి. అందాకా ఆ పట్టికను ఒప్పుకోకండి.