ఓటు కూడా సాక్ష్యమే



2024 మే 13, సోమవారం మన రాష్ట్రంలో పోలింగ్ జరిగింది. ముందురోజు ఆదివారం. ఉదయం ఆరాధనలో చాచిన చేతులే రాత్రి కవరు కోసం చాస్తే, మన సాక్ష్యం ఏమౌతుంది?

తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీ రిజర్వుడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు గనుక వారు ఈ స్థానాల్లో పోటీ చేయలేరు. ఆ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానించి కేంద్రాన్ని కోరింది. న్యాయం అడుగుదాం, తప్పక అడుగుదాం. కానీ చేతిలో ఉన్న ఒక్క ఓటునూ అమ్ముకున్నవాని మాటకు బలమెక్కడిది?

ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ఓటుకు డబ్బివ్వడాన్నీ, మతం పేరిట ఓటడగడాన్నీ అవినీతి చర్యలుగానే లెక్కిస్తుంది. కాబట్టి కాపరులారా, ప్రసంగ వేదికను ఏ అభ్యర్థికీ అప్పగించవద్దు. 1 తిమోతి 2:1-2 చెప్పినట్లు అధికారులందరి కొరకు, మనం ఓటు వేయనివారి కొరకు కూడా, ప్రార్థిద్దాం.

పొరుగువాడు మన సువార్త కరపత్రం చదవకపోవచ్చు. మన ఇంట్లోవాళ్లు కవరు వద్దన్న సంగతి మాత్రం వీధంతా తెలుస్తుంది. అది కూడా సువార్త ప్రకటనే.